పటంలో తెల్లని చోట్లు

ప్రపంచంలో ఇన్ని అడవులుండగా ఎర్రచందనం చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణభాగాన, కడప, చిత్తూరు సీమల చుట్టూ ఉన్న కొద్దిపాటి కొండల్లోనే. అదే ఎండ, అదే వాన, అలాంటి రాతినేలే ఉన్న మరో కొండమీద దాని జాడ ఉండదు. ఎందుకని? చిన్నపిల్లలు అడగదగిన ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికే ఒక శాస్త్రం పుట్టింది. దాన్ని జీవభూగోళశాస్త్రం అంటారు. ఏ ప్రాణి ఎక్కడుంది, అక్కడే ఎందుకుంది, పక్కనే ఎందుకు లేదు అన్నవి దాని మూడు ప్రశ్నలు. మొదటి రెండింటి గురించి పుస్తకాలు కొల్లలు. మూడోదాని గురించి నాకు ఆక్స్‌ఫర్డ్‌లో కొంత, శేషాచలం కొండల్లో కొంత తెలిసింది. ఆ కథే ఈ రాత.

అంతర్జాతీయ జీవభూగోళశాస్త్ర సంఘం 2000లో ఏర్పడింది. 2003 జనవరిలో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో మొదటి మహాసభ జరిపింది. ఆ తరువాత రెండేళ్ళకొకసారి ఒక్కోచోట కలుస్తూ వచ్చారు. అవి పెద్దల సభలు. పాఠ్యగ్రంథాల అట్టలమీద పేర్లున్నవాళ్ళు ముందువరుసలో కూర్చుంటారు. కొత్తవాళ్ళు గోడకు తగిలించిన తమ పోస్టరు పక్కన, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు, ఎవరైనా ఆగి పలకరిస్తారేమోనని నిలబడతారు. అందుకని 2011 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రత్యేకంగా తొలిదశ పరిశోధకుల కోసమే ఒక సదస్సు జరిగింది. 2014 జనవరిలో కాన్‌బెర్రాలో అలాంటిదే మరొకటి జరిగింది. తొలిదశ అంటే పరిశోధక విద్యార్థులూ, పట్టా చేతికొచ్చి స్థిరమైన ఉద్యోగం ఇంకా రానివాళ్ళూ. ఈ రెండో రకంలో తలనెరిసిపోతున్నవాళ్ళు కూడా ఉంటారు. నవ్వులాటకు అనడం లేదు.

నేను మొదటిరకంలో వెళ్ళాను. విమానం టిక్కెట్టుకు డబ్బు ఎలా కూడిందో చెబితే అదొక ప్రబంధమవుతుంది, వదిలేస్తాను.

ఆ ఊళ్ళో ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాల ఒకటుంది. 1860లో డార్విన్ సిద్ధాంతం మీద హక్స్‌లీకి, బిషప్ విల్బర్‌ఫోర్స్‌కు వాగ్వాదం జరిగిన భవనం అది. దానికంటే నన్ను పట్టి నిలిపినది అక్కడున్న డోడో పక్షి అవశేషం. మారిషస్ దీవిలో తప్ప ఎక్కడా లేని ఆ పక్షి, మనుషులు దీవిలో స్థిరపడిన నూరేళ్ళలోపే అంతరించింది. దాని తల, ఒక పాదం ఇక్కడ మిగిలాయి. ఈ అవశేషం నుంచే తీసిన జన్యుపదార్థాన్ని పరీక్షించి, బతికున్న పక్షుల్లో డోడోకు అత్యంత దగ్గర చుట్టం నికోబార్ పావురమని 2002లో తేల్చారు. మన నికోబారు దీవుల పేరు పెట్టుకున్న పావురం! ఎక్కడి మారిషస్, ఎక్కడి నికోబార్! మా శాస్త్రం చేసేదంతా ఇలాంటి చుట్టరికాలు కలపడమే. పల్లెటూళ్ళలో ముసలమ్మలు కొత్తమనిషి కనబడగానే "మీదే ఊరు, ఎవరి తాలూకు?" అని ఆరా తీస్తారు కదా, సరిగ్గా అదే పని.

సదస్సులో ఒక్కొక్కరికి పావుగంట లోపే సమయం. గది చీకటి చేసి తెరమీద బొమ్మలు వేస్తారు. రెండోరోజుకే నాకొక విషయం తట్టింది. దాదాపు ప్రతి ప్రసంగంలోనూ ఒక పటం ఉంది. ఎర్రగా ఉన్నచోట జీవజాతులు ఎక్కువ, పసుపుపచ్చగా ఉన్నచోట తక్కువ, తెల్లగా ఉన్నచోట లేవు. ఆసియా పటం వచ్చినప్పుడల్లా నా కళ్ళు మనవైపుకే పోయేవి. పడమటి కనుమలు నిప్పుకణికలా ఎర్రగా ఉండేవి. తూర్పు కనుమలు ఉండవలసినచోట లేత పసుపు, మధ్యమధ్య తెలుపు. పడమటి కనుమల్లో వానలెక్కువ, జాతులూ ఎక్కువే. అందులో అబద్ధం లేదు. అయితే నేను నడిచిన కొండలు తెల్లగా ఎందుకున్నాయి?

దీనికి శాస్త్రంలో ఒక పేరుంది: వాలేస్ లోటు. జాతికి పేరైతే పెట్టాం, అది ఎక్కడెక్కడ ఉందో మాత్రం సరిగా తెలియదు అన్న లోటు. అసలు పేరే పెట్టనివి ఎన్నో ఉన్నాయన్నది లినేయస్ లోటు. పటంమీద చుక్క పడాలంటే ఎవరో ఒకరు అక్కడికి వెళ్ళి, చూసి, రాసి, ఆ రాత భద్రమైనచోట చేరాలి. మనిషి వెళ్ళేది దారి ఉన్నచోటికి. అందువల్ల చుక్కలన్నీ రోడ్ల వెంబడి, బంగళాల చుట్టూ, విశ్వవిద్యాలయాల పొరుగున గుమిగూడి ఉంటాయి. అమెజాన్ అడవిలో వృక్షజాతులు ప్రత్యేకంగా పోగుపడిన కేంద్రాలని శాస్త్రజ్ఞులు గుర్తించిన చోట్లు చాలావరకు మొక్కలు ఎక్కువగా సేకరించిన చోట్లేనని 1990లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఆ సంగతి నాకు కాఫీ వేళ చెప్పినవాడు బ్రెజిల్ నుంచి వచ్చిన యువకుడు. "మీకు రోడ్లు, మాకు నదులు" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఆ స్నేహం మరోవైపుకూ పాకింది. అతను మాటల మధ్య గోండ్వానా గురించి చెప్పుకొచ్చాడు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఇండియా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా ఒకే నేలగా ఉన్నప్పటి మహాఖండం అది. ఆ పేరెక్కడిదని అడిగితే తెలియదన్నాడు. 1870లలో భారత భూగర్భ సర్వే శాస్త్రజ్ఞులు మధ్యభారతపు రాతిపొరలకు గోండుల సీమ పేరు పెట్టారనీ, 1885లో ఎడ్వర్డ్ సూస్ దాన్ని మహాఖండానికి ఖాయం చేశాడనీ, ఆ గోండులు ఇప్పటికీ మా ఆదిలాబాదు అడవుల్లో ఉన్నారనీ చెప్పాను. అతను కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇన్నాళ్ళూ అది ఏదో లాటిన్ మాట అనుకున్నాను" అన్నాడు. అంత పెద్ద నేలకు పేరిచ్చిన జనం ఉన్నారని ఆ నేలమీదే పుట్టిన శాస్త్రజ్ఞుడికి తెలియకపోవడానికి అతన్ని అనడానికేముంది? మా పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఉందా?

ఇక నా ప్రసంగం సంగతి. నా విషయం బంగారు బల్లి. పగలు బండల సందుల్లో, తేమ ఉన్న గుహల్లో దాక్కుని, రాత్రుళ్ళు బయటికి వస్తుంది. మగబల్లి మేలిమి బంగారు రంగులో ఉంటుంది. గట్టిగా అరుస్తుంది. ఆడబల్లులు అనేకం కలిసి ఒకేచోట రాతికి గుడ్లు అంటిస్తాయి. బెడ్డోమ్ అనే ఇంగ్లీషు అధికారి 1870లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. చాలాకాలం ఇది తిరుపతి కొండలకే పరిమితం అనుకున్నారు. తరువాత తమిళనాడు, ఒడిశా కొండల్లోనూ కనబడింది. విచిత్రమేమిటంటే ఈ ప్రజాతిలో ఉన్నవి మొత్తం రెండే జాతులు, రెండోది శ్రీలంకలో ఉంది. మధ్యలో అంత దేశం, ఆపైన సముద్రం!

నాకు దారి చూపించినది కొండకింద పల్లెలోని ఒక యానాది పెద్దాయన. నేను తాతా అనేదాన్ని. తేనె తీయడం ఆయన పని. తేనెపట్టులుండే కొండచరియలూ బంగారు బల్లి ఉండే చరియలూ చాలాచోట్ల ఒకటే. నేను కంప్యూటరులో వానలెక్కలు, ఎండలెక్కలు, ఎత్తులెక్కలు వేసి, బల్లి ఉండగల చోట్లను రంగుల్లో చూపించే పటం తయారుచేశాను. దాన్ని ఆయన ముందు పరిచి, ఏ రంగుకు ఏమర్థమో చెప్పాను. చాలాసేపు చూసి, వేలుపెట్టి, "ఈడుంది. ఈడుంది. ఈడ లేదు. ఈడ మా తాతకాలంలో ఉండె, ఇప్పుడు లేదు" అన్నాడు. ఆయన ఉందన్న చరియల్లో కొన్నింటికి నా పటం తెల్లరంగు వేసింది. వెళ్ళి చూశాం. గుడ్లు రాతికి అంటుకుని ఉన్నాయి.

ఇక్కడొక సాంకేతిక విషయం చెప్పాలి. మేం వాడే పద్ధతులు చాలావరకు "ఉంది" అన్న చుక్కలతోనే పనిచేస్తాయి. "లేదు" అన్నది రాసిపెట్టినవాళ్ళు అరుదు. ఒకచోటికి ఒకరోజు వెళ్ళి బల్లి కనబడకపోతే అది లేదనడానికి వీల్లేదు; ఆరోజు బయటికి రాలేదేమో. ఖాయంగా లేదని చెప్పాలంటే అన్ని ఋతువుల్లో, ఏళ్ళ తరబడి అక్కడ తిరగాలి. అంత తీరిక ఏ పరిశోధకుడికుంది? అందువల్ల "లేదు" అన్నదీ "తెలియదు" అన్నదీ పటంలో ఒకే తెల్లరంగులో కలిసిపోతాయి. తాత దగ్గర ఆ రెండూ వేరు. ఆయన ఇచ్చిన "ఉంది" కంటే "లేదు" నాకు విలువైనదని అర్థం కావడానికి కొంతకాలం పట్టింది.

ప్రయాణానికి ముందు చెప్పిరావడానికి వెళితే ఆయన అడిగాడు: "ఏం మా, ఆడ నా పేరు చెప్తావా?"

తప్పకుండా చెబుతానన్నాను.

"ఆడ చెప్తే ఈడ తెలుస్తాదా?"

ఆ ప్రశ్న వెనక ఉన్నది కీర్తికాంక్ష కాదని ఆ చుట్టుపక్కల తిరిగినవాళ్ళకు తెలుసు. ఎర్రచందనం దొంగరవాణా పెరిగాక అడవిలో కనబడిన ప్రతి బక్కమనిషీ దుంగలు మోసేవాడే అన్న అనుమానం పెరిగింది. పట్టుబడితే తేనె తీయడానికి వచ్చానంటే నమ్మేవాళ్ళు తక్కువ. ఫలానా మనిషికి అడవి తెలుసునని, ఆ తెలివి చదువుకున్నవాళ్ళకు పనికొచ్చిందని ఎక్కడో ఒకచోట కాగితంమీద ఉంటే అది తనకు రక్ష అవుతుందేమోనని ఆయన ఆశ. అవుతుందని నేను మాటివ్వలేకపోయాను.

ప్రసంగంలో మొదటి పుటలోనే, నా పేరు పక్కనే, ఆయన పేరు, ఊరు వేశాను. చివర ప్రశ్నలవేళ ఒకరు మర్యాదగానే అడిగారు: ఒక వ్యక్తి నోటిమాటను దత్తాంశంగా ఎలా స్వీకరిస్తారు, అందులో "లేదు" అన్నదాన్ని ఎలా సరిచూస్తారు?

అడగవలసిన ప్రశ్నే. ఆయన ఉందన్నచోట వెతికాం, లేదన్నచోటా అంతే శ్రద్ధగా వెతికాం, రెండూ నిజమయ్యాయి అని చెప్పాను. ఆపైన వాలేస్‌ను గుర్తుచేశాను. అమెజాన్ కోతుల మీద 1852లో ఆయన రాసిన వ్యాసంలో, కొన్ని జాతులు నదికి ఒక ఒడ్డునే ఉంటాయి, రెండో ఒడ్డున ఎన్నటికీ కనబడవు అన్న విషయం ఉంది. నదులు జాతులను విడదీస్తాయన్న సిద్ధాంతానికి మూలం అదే. ఈ సంగతి స్థానికపు వేటగాళ్ళకు బాగా తెలుసుననీ, ఫలానా జంతువు కావాలంటే వాళ్ళు నది దాటి వెళతారనీ కూడా వాలేస్ అక్కడే రాశాడు. అంటే మన శాస్త్రానికి మొట్టమొదటి "లేదు"లను ఇచ్చినవాళ్ళలో వేటగాళ్ళున్నారు, వాళ్ళ పేర్లు మాత్రం ఆ వ్యాసంలో లేవు అన్నాను. గదిలో కొద్దిసేపు నిశ్శబ్దం. అడిగినాయన నవ్వి, తలూపి కూర్చున్నారు.

వాలేస్ గురించి ఇంకొంత చెప్పాలనిపిస్తోంది. తొలిదశ పరిశోధకులకు ఆయనకంటే కులదైవం లేడు. పద్నాలుగేళ్ళకే బడి మానేశాడు. విశ్వవిద్యాలయం ముఖం చూడలేదు. 25 ఏళ్ళ వయసులో, 1848లో, అమెజాన్‌కు వెళ్ళి, పట్టిన పురుగులనూ పక్షులనూ అమ్ముకుని బతికాడు. 1852లో తిరిగివస్తుండగా నడిసముద్రంలో ఓడ తగలబడి సేకరణంతా పోయింది. రెండేళ్ళు తిరక్కుండానే మలయా ద్వీపాలకు బయలుదేరాడు. బాలి, లంబోక్ దీవుల మధ్య జలసంధికి అటూ ఇటూ పక్షులు ఎంతో వేరని గమనించాడు. వాలేస్ రేఖ అని ఇప్పుడు పిలిచేది అదే. ఆ యాత్రలో ఆయన వెంట అలీ అనే మలయా కుర్రవాడుండేవాడు. 1858లో బచాన్ దీవిలో ఒక కొత్త స్వర్గపక్షిని ముందుగా పట్టి తెచ్చినది అలీ. ఆ మాట వాలేసే తన పుస్తకంలో నిజాయితీగా రాశాడు. పక్షికి పెట్టిన పేరు మాత్రం వాలేస్‌ది.

మనకూ ఒక అలీ ఉన్నాడు. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లాలో దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు అక్కడి పల్లెలవాళ్ళకు బొమ్మలు చూపించి వెతికించగా, ఒకరాత్రి దాన్ని పట్టుకున్నది ఐతన్న అనే స్థానికుడు. ఇంగ్లీషులో ఆ పక్షి జెర్డాన్ పేరుమీదే ఉంది. అయితే ఐతన్న పేరు రికార్డులో నిలిచింది. ఆ మాత్రం మార్పుకు నూటపాతికేళ్ళు పైగా పట్టింది.

సదస్సు చివరి సాయంత్రం అందరం ఒక గడ్డిమైదానంలో కూర్చున్నాం. శాస్త్రం మాటలు అయిపోయి సొంతమాటలు మొదలయ్యాయి. రెండేళ్ళ ఒప్పందం, మళ్ళీ రెండేళ్ళ ఒప్పందం, భార్య ఒక ఖండంలో భర్త ఒక ఖండంలో, వీసా సమయానికి రాక ఆగిపోయిన మిత్రుడు, "ఇంకా ఎంతకాలం చదువుతావు?" అని ఫోనులో అడిగే అమ్మలు. ప్రాణులు ఎందుకు అక్కడే ఉన్నాయని అడిగే మాకెవరికీ వచ్చే ఏడాది మేమెక్కడుంటామో తెలియదు. ఎవరో ఆ మాటే అంటే అందరం పెద్దగా నవ్వాం. ఆ నవ్వినవాళ్ళలో కొందరు తరువాత శాస్త్రం వదిలిపెట్టారు. వాళ్ళకు తెలివి తక్కువై కాదు, ఓపికకు కూడా ఇంటి అద్దె కట్టాలి కనుక.

తిరిగివచ్చాక, తాత పేరున్న ఆ మొదటిపుటను అచ్చువేయించి ఆయనకిచ్చాను. పాలిథీన్ కవరులో పెట్టి దాచుకున్నాడు. కొన్నాళ్ళకు అడవిదారిలో ఎవరో ఆపితే తీసి చూపించాడట. చూసినాయన ఇంగ్లీషు అక్షరాలను కాసేపు తిరగేసి, ఏమీ అర్థంకాక, "సరే, పో" అన్నాడట. ఇది చెప్పి తాత కడుపుబ్బ నవ్వి, "తెలుగులో రాసియ్యి మా, సదివేవాడు సదువుతాడు" అన్నాడు.

ఒక పుట రాయడానికి నాకు మూడురోజులు పట్టింది. ప్రసంగం తయారుచేయడానికి కూడా అంత కష్టపడలేదు. ప్రతి మాట దగ్గరా ఆగిపోయాను. జీవభూగోళశాస్త్రం అంటే ఏమని రాయాలి? చివరికి తాతనే అడిగాను, నేను చేసే పని ఏమిటని నీకు అనిపిస్తోందని. "ఏది యాడుంటాదో, యాడుండదో తెలుసుకునే సదువు" అన్నాడు. ఆ "యాడుండదో" అన్నమాట ఏ నిఘంటువూ నాకు ఇవ్వలేదు. అట్లాగే రాశాను.

ఆయన పేరు ఇక్కడ రాయలేదని చదువరులు గమనించే ఉంటారు. ఆ గదిలో చెప్పడానికి, ఆ కాగితంమీద వేయడానికి ఆయన అనుమతి ఉంది. అందరూ చూసేచోట పెట్టడానికి అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు. ఆ చరియల పేర్లు కూడా రాయను. బల్లి చట్టరక్షణ ఉన్న ప్రాణే అయినా, పట్టి అమ్ముకునేవాళ్ళు కూడా చదవగలరు.

మీ ఊరు, మీ చెరువు, మీ పెరటి గోడ మాత్రం మీ ఇష్టం. ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో, ఏ చెట్టు మీ చిన్నప్పుడుండి ఇప్పుడు లేదో తేదీ వేసి రాసిపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే అడిగి, వాళ్ళ పేరుతో సహా రాయండి. "ఉంది" అన్నవి ఎవరైనా రాస్తారు. "ఇదివరకు ఉండేది, ఇప్పుడు లేదు" అని ఖాయంగా చెప్పగలిగినవాళ్ళు తక్కువ, ఏటికేడాది ఇంకా తగ్గిపోతున్నారు.